రెండు వేళ్ళ సందు

నన్ను కొట్టినవాళ్ళు ముగ్గురే. మా నాన్న, ఏడో తరగతిలో లెక్కల సారు, ప్రొద్దుటూరు సైకిల్ షాపు మామ. మొదటి ఇద్దరూ చిన్నప్పుడు కొట్టారు కాబట్టి వాళ్ళని వదిలేస్తాను. మామ కొట్టేనాటికి నాకు నలభై రెండేళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రిని, హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే పంతుల్ని. శనగ విత్తబోయే చేలో, పిక్కల దాకా బురదలో నిలబడి ఉండగా మెడ మీద ఒక్కటి వేశాడు. కళ్ళముందు చేను తిరిగింది.

పోయిన నెల ఆయన పోయాడు. షాపు మూసి ఉంది. రోజూ సాయంత్రం బడినుంచి వస్తూ దాని ముందునుంచే ఇంటికి పోతాను. అక్కడికొచ్చేసరికి ఇప్పటికీ నా కాళ్ళు సైకిలు తొక్కడం ఆపేస్తాయి. లోపలినుంచి ఒక తిట్టు రావాలి, రాదు. ఆ తిట్టు నేనిక్కడ రాయలేను, మా ఆవిడ చదువుతుంది.

ఆయనకు పేరుండేది, కానీ ఎవరూ వాడేవాళ్ళు కాదు. అందరికీ మామే. అరవై దాటిన మనిషి. పొట్టి, మెడ లేదు, భుజాల మీదే తల. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక స్పోకు పుల్ల దోపుకొని ఉండేవాడు. అది కొలవడానికి, గొలుసులో చెత్త తియ్యడానికి, మనుషుల వేళ్ళ కణుపుల మీద కొట్టడానికి కూడా. షాపులోకి ఎవరైనా సైకిలు నడిపించుకుంటూ వస్తే మనిషి మొహం చూడడు. వంగి, చూపుడు వేలూ నడిమి వేలూ కలిపి, ముందు చక్రానికీ దాన్ని రెండుపక్కలా పట్టి ఉంచే ఫోర్కుకీ మధ్య దూరుస్తాడు. రెండు వేళ్ళూ హాయిగా పడితే "ఊఁ" అంటాడు. పట్టకపోతే "సావుబండి" అంటాడు. ఆ తర్వాతే మనిషితో మాట.

ఇడుపులపాయలో చదివే కుర్రాడొకడు ఫోన్లో తెప్పించుకున్న సన్న టైర్ల సైకిలు ఒకసారి పట్టుకొచ్చాడు. బ్రేకు బిగించమని. మామ వేళ్ళు పెట్టాడు. ఒక్క వేలు కూడా పట్టలేదు.

"అమ్మెయ్" అన్నాడు.

"ఎందుకు మామా, బాగానే పోతాండాది గదా" అని కుర్రాడు నవ్వాడు.

ఆ నవ్వు చాలు. మామ ఆ సైకిల్ని తలమీదికెత్తి నడిరోడ్డు మీద వేసి కొట్టాడు. మూడు దెబ్బలకు ఫ్రేము వంగింది. కుర్రాడు ఏడ్చాడు, జనం మూగారు, పోలీసులంటూ ఎవరో అరిచారు. మామ లోపలికి పోయి, గోడకు తగిలించిన వాటిలోంచి ఇంకో సైకిలు తెచ్చి వాడి చేతిలో పెట్టి, "ఇది తోలుకో. సచ్చిపోకుండా ఉంటావు" అన్నాడు. ఆ కుర్రాడు ఏడుస్తూనే ఆ సైకిలెక్కి పోయాడు. కొత్తది పాతదానికన్నా మంచిదని వాడికి తెలియడానికి వారం పట్టిందట.

ఇలాంటి మనిషి దగ్గరికి నేనెందుకు పోయానంటే, నాకు చక్కెర జబ్బు బయటపడింది. రోజూ ఒళ్ళు వంచాలన్నాడు డాక్టరు. మా బడి రాజుపాలెం అవతల ఒక పల్లెలో ఉంది. తారురోడ్డు అయిపోయాక చివర్న ఒక మట్టిదారి, రెండువైపులా నల్లరేగడి. ఆ దారి ఎండాకాలమంతా పల్లేరుకాయలు, వానాకాలమంతా బంక. వానలప్పుడు మా సార్లు మోటారు సైకిళ్ళు తారురోడ్డు మీద వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకొని బడికి నడుస్తారు. నేను ఏడాది పొడుగునా సైకిలు మీదే పోదామనుకున్నాను. ఆదివారాలు జమ్మలమడుగు దాకా, ఓపికుంటే పులివెందుల దాకా. ఫోన్లో బొమ్మలు చూసి చూసి, వంగిన హ్యాండిలూ సన్న టైర్లూ ఉన్న రేసు సైకిలు మీద మనసు పడ్డాను. నలభై దాటాక మనసు పడేవి ఇలాంటివే.

"ఏం గావాల?" అన్నాడు మామ, పని మీంచి తలెత్తకుండానే.

"రేసు సైకిలు మామా. రోజూ బడికి, ఆదివారం రొంత దూరం పోయి రావడానికి."

"యాడుంది బడి?"

ఊరి పేరు చెప్పాను. ఆయన చేతిలో పానా ఆగింది. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"ఆ మట్టిదావన పోతావా?"

"రోజూ పోవాల గదా."

"వానలో యాపొద్దన్నా పోయినావా?"

"మొన్న మార్చిలోనే చేరినా మామా."

"అట్లయితే నీకేం తెలీదు. గమ్మునుండు. దావ చూడకుండా నేను సైకిలియ్యను. వాన పడినాక రా."

షాపుకొచ్చిన గిరాకీని వాన పడ్డాక రమ్మన్న వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు. వేరే షాపుకు పోదామనుకున్నాను. ఎందుకో పోలేదు. దసరా సెలవులు అయ్యాక రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు ఆదివారం, పొద్దున్నే మా ఇంటి ముందు లగేజీ ఆటో ఆగింది. అందులో మూడు సైకిళ్ళు, వాటి పక్కన మామ.

మట్టిదారి మొదలయ్యే చోట దించాడు. నన్ను దారి మీద కూడా కాదు, పక్కన చేలోకి దింపాడు. మొదటిది నేను మనసు పడ్డ రేసు సైకిలు. ఎక్కి పది గజాలు తొక్కాను. రేగడి టైరుకు చుట్టుకుంది, చుట్టుకున్నది ఫోర్కులో ఇరుక్కుంది, చక్రం బిగదీసుకుపోయింది. నేను పక్కకు పడ్డాను. లేచి, అందరూ చేసే పనే చేశాను. వంగి, ఫోర్కు సందులో చెయ్యి పెట్టి బంక గీకడం మొదలుపెట్టాను.

అప్పుడు పడింది మెడ మీద దెబ్బ.

"చెయ్యి తియ్. తియ్‌రా చెయ్యి" అంటున్నాడు మామ. గొంతు చీరుకుపోతోంది. ఆ కళ్ళు చూసి నాకు కోపం రాలేదు, భయమేసింది. ఒక పంతుల్ని కొట్టానన్న స్పృహ ఆ కళ్ళలో లేదు. నన్ను చూడటమే లేదు. కాసేపటికి తేరుకొని, "పడినాక చెయ్యి పెట్టగూడదు సార్. అంతే" అని మొహం తిప్పుకున్నాడు.

రెండోది లావు టైర్లది, ముందు స్ప్రింగులున్నది. అది కొంచెం దూరం పోయింది కానీ, మడ్గార్డుల కింద తట్టెడు మట్టి పేరుకుంది. ఎత్తబోతే లేవలేదు. "ఇది ఊర్లో తిరగను బాగుంటాది, మోసుకోవాలంటే నీ నడుమిరుగుతాది" అని దాన్ని గట్టున పారేశాడు.

మూడోది చూడ్డానికి నా రేసు సైకిలు లాగానే ఉంది. అదే వంగిన హ్యాండిలు. కానీ టైరుకు గళ్ళున్నాయి. ఫోర్కు వెడల్పు. చక్రం అంచును పట్టే బ్రేకులు కావు, నడిమధ్య పళ్ళెం బ్రేకులు, బురద తగలని చోట. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసింది. సైక్లోక్రాస్ అంటారని అక్కడి వ్యాపారి చెప్పాడట. చలిదేశాల్లో బురదలో పందేలాడే సైకిలు. మామ ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. "బురదబండి" అనేవాడు. వేళ్ళు పెట్టి చూపించాడు. రెండు వేళ్ళూ పోయి ఇంకా సందు మిగిలింది.

ఎక్కాను. బంక చుట్టుకుంటూనే ఉంది, రాలిపోతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. చేను సగం దాటాక బరువెక్కి నిలిచిపోయింది. అలవాటుగా వంగబోయాను.

"వంగాకు. దిగు. ఎత్తు. భుజానేసుకో. ఉరుకు" అని గట్టు మీంచి అరిచాడు.

ఆ పొద్దంతా అదే పని. సైకిలు పోతుండగానే కుడికాలు వెనకనుంచి తిప్పి ఎడమపక్కకు దిగడం, దిగిన అడుగుతోనే ఫ్రేము పట్టి భుజాన వేసుకోవడం, గట్టు దాకా పరిగెత్తడం, మళ్ళీ దూకి ఎక్కడం. ఆలస్యమైనప్పుడల్లా స్పోకు పుల్లతో పిక్కల మీద. పిక్కల మీద వాతలు తేలాయి. పక్క చేలో గొర్రు సరిచేసుకుంటున్న రైతు, "ఏందప్పా, సారునట్ల దున్నపోతును తోలినట్ల తోల్తాండావు" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రానికి అదీ వచ్చింది.

"నిలిచిపోయిన సైకిలుతో పోట్లాడొద్దు సార్" అన్నాడు ఆటో ఎక్కేముందు. "మోయగలిగితే మొయ్. మొయ్యలేకుంటే ఆడ్నే పారేసి ఉరుకు. సైకిలు మల్ల కొనుక్కోవచ్చు."

ఆ బురదబండే కొన్నాను. మడ్గార్డులు పీకేశాడు, క్యారేజీ పెట్టుకోవడానికి వెనక మరలు బిగించాడు, పల్లేరుకాయ దిగినా తనంతట తానే పూడుకునే జిగురు నీళ్ళు టైర్లలో పోశాడు. రెండేళ్ళుగా ఎండా వానా దాని మీదే బడికి పోతున్నాను. చక్కెర కూడా దారికొచ్చింది.

రోజూ సాయంత్రం షాపు ముందు ఆగాలన్నది ఆయన నియమం. ఆగితే రెండు వేళ్ళూ పెట్టి చూసేవాడు. తర్వాత ఒక ప్రశ్న.

"టీ అంగడి కాడ ఉండాడా?"

తారురోడ్డు ముగిసి మట్టిదారి మొదలయ్యే చోట ఒక టీ అంగడి ఉంది. దాని బల్ల మీద రోజూ ఒక పెద్దాయన కూర్చుంటాడు. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకొని, నేను పోతుంటే తలాడిస్తాడు. మామ అడిగేది ఆయన గురించే.

"ఉండాడు" అనేవాణ్ణి.

"ఏం చేస్తాండాడు?"

"టీ తాగుతాండాడు."

అంతే. దాంతో మామ మొహం నెమ్మదించేది. ఒకరోజు ఆయన బల్ల మీద లేడు. లేడని చెప్పాను. మామ చేతిలోని సుత్తి ఎదురుగా ఉన్న గోడకు పోయి తగిలింది. గోడకవతల మిషను కుట్టుకునే ఆమె బయటికొచ్చి చెడామడా తిట్టింది. మరుసటి రోజు, "వచ్చినాడు మామా, జరమొచ్చిందంట" అంటే, టీ తెప్పించి తాపాడు. నాకు అదేదో బంధుత్వం అనిపించింది. "మీ బామ్మర్దా మామా?" అని ఒకసారి ఎగతాళి చేశాను. పానా విసిరాడు. నా చెవి పక్కనుంచి పోయింది. ఆ తర్వాత నేను అడగలేదు.

ఆదివారాలు ఆయన కూడా వచ్చేవాడు, తన పాత డబుల్‌బార్ సైకిలు మీద. గేర్లు లేవు, బెల్లు లేదు, సీటు తోలు చిరిగిపోయింది. జమ్మలమడుగు దారిలో నాకంటే ముందు తొక్కేవాడు. దారిపొడుగునా ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకునేవాడు. ఆటోవాళ్ళతో, ఇసుక ట్రాక్టర్లవాళ్ళతో, గేదెలు తోలుకుపోయేవాళ్ళతో కూడా. జమ్మలమడుగు బస్టాండు ముందు ఒక టీ అంగట్లో నాతోపాటు కూర్చొని, చక్కెర తక్కువేశాడని గ్లాసు నేలకేసి కొట్టినప్పుడు, సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆయనతో ఇంకెప్పుడూ రాకూడదని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. మరుసటి ఆదివారం ఆయనే వచ్చి తలుపు తట్టేవాడు.

ఒక ఆదివారం పులివెందుల బయల్దేరాం. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీ ఒకటి వెనకనుంచి హారను కొట్టుకుంటూ వచ్చి నన్ను రోడ్డు దింపేసింది. కంకర్లో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. నేను లేచేలోపు మామ లేడు. రైలు గేటు పడి లారీ ఆగితే, అక్కడ దాన్ని అందుకున్నాడు. నేను చేరేసరికి డ్రైవర్ని క్యాబిన్లోంచి కిందికి లాగి చెంపలు వాయిస్తున్నాడు. డ్రైవరు పడుచువాడు. విదిలించుకొని సీటు కిందనుంచి ఇనపరాడ్డు తీశాడు.

అక్కడ ఒక సంగతి చూశాను. రాడ్డు పైకి లేవగానే మామ చేతులు దించేశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"కొట్టు" అన్నాడు. "కొట్టప్పా. గట్టిగ కొట్టు."

నుదుటి మీద పడింది. రక్తం కంట్లోకి కారింది. మామ కదల్లేదు. "ఇంగొకటి" అన్నాడు. డ్రైవరు రాడ్డు పారేసి, నన్ను పట్టుకొని, "ఈ ముసలాయనకు తిక్కా సార్?" అని ఏడ్చినంత పని చేశాడు. గేటు లేచింది. లారీ పోయింది.

గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చోబెట్టి నా టవల్ తలకు కట్టాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. దెబ్బలు తినడానికే ఈయన రోజూ గొడవలు పెట్టుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమయింది.

"ఏంది మామా ఇది?" అన్నాను. "ఏం పుట్టింది నీకు?"

ఆయన రక్తం తుడుచుకుంటూ మామూలుగా చెప్పాడు.

"ఆ టీ అంగడి మనిషి చెయ్యి నరికింది నేనే సార్."

నలభై ఏళ్ళ కిందటి మాట. మామ అప్పుడు ఊరి కక్షల్లో ఒక పెద్దమనిషి వెనక తిరిగేవాడు. ఎన్నికల్లో టీ అంగడి ఆయన అవతలి పెద్దమనిషి పక్షానికి ఏజెంటుగా కూర్చున్నాడు. అంతకుమించి పగ లేదు. చంపమన్నారు, మామతో కలిసి నలుగురు బయల్దేరారు. ముసురు రోజులు. ఆయన కొత్త సైకిలు మీద వస్తున్నాడు. వీళ్ళను చూసి రోడ్డు దిగి చేలో పడ్డాడు.

"ఉరికింటే దొరికేటోడు కాదు" అన్నాడు మామ. "కబడ్డీ ఆడే మనిషి. మా నలుగుర్లో ఎవుడూ అందుకోలేడు. రేగడి ఫోర్కులో ఇరుక్కుంది. దిగినాడు. దిగి, చెయ్యి పెట్టి బంక గీకుతాండాడు. మేం కొడవండ్లు పట్టుకొని వస్తాంటే చూస్తానే గీకుతాండాడు సార్. కొత్త సైకిలు. ఇడిచిపెట్ట మనసు రాల్యా."

"నువ్వేం చేసినావు?"

"మెడ మింద వెయ్యమన్న్యారు. ఇడిచిపెట్టి పోరా అని అరిచినా. నిజంగా అరిచినా సార్. ఇడిచిపెట్టల్యా. తిక్క రేగింది నాకు. ఆ చెయ్యి మిందనే ఏసినా."

నా సైకిలు వేపచెట్టుకు ఆనించి ఉంది. దాని ఫోర్కు వైపు చూడలేకపోయాను.

కేసు కోర్టుకొచ్చేలోపు పెద్దమనుషులిద్దరూ రాజీ పడ్డారు. మా ప్రాంతంలో రాజీ అంటే సాక్షి మాట మార్చడమే. చెయ్యి పోయినవాణ్ణి అతని పెద్దమనిషే బోనెక్కించాడు. ఈయనేనా నరికింది అని వకీలు అడిగితే, మామ మొహంలోకి చూసి, కాదు అన్నాడు.

"నరికేటప్పుడు గూడా నా మొగమే చూసినాడు సార్. కోర్ట్లోనూ నా మొగమే చూసినాడు. కాదన్న్యాడు. జైలుకన్నా పోయింటే అయిపోతాండె. ఏండ్లు లెక్కపెట్టుకొని బయటికొస్తాంటి. ఇప్పుడెట్ల అయిపోతాది? నువ్వే అని ఒక్కసారి అనాల. అన్న్యాక ఏమన్నా చెయ్యనీ."

"పోయి అడగలేకపోయినావా?"

"నన్ను చూసి బయపడతాడేమోనని పోల్యా."

నేను ఆయన్ని అక్కడే వదిలేసి ఒక్కణ్ణే పులివెందులకు తొక్కాను. కోపంతో తొక్కాను. ఎక్కుడు దారి ఎక్కినట్టే తెలియలేదు. పులివెందులలో ఏం తిన్నానో గుర్తులేదు. తిరిగి వచ్చేసరికి ఆయన అదే చెట్టు కింద, టవల్ రక్తంతో గట్టిపడి, నా కోసం కూర్చొని ఉన్నాడు. ఒకరి వెనక ఒకరం ఇంటికొచ్చాం. పది రోజులు షాపు వైపు పోలేదు. పిల్లలకు శాంతి, న్యాయం అని పాఠాలు చెబుతూ, టీ అంగడి ముందు తల వంచుకొని పోయేవాణ్ణి. పదకొండో రోజు నేనే పోయి, "రేపు పొద్దున నాతో రా" అన్నాను. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ పని చెయ్యకుండా ఉండాల్సిందని చాలాసార్లు అనుకున్నాను.

టీ అంగట్లో పెద్దాయన బల్ల మీదే ఉన్నాడు. మామ సైకిలు దిగి ఎదురుగా నిలబడ్డాడు. తెల్లచొక్కా తొడుక్కొచ్చాడు. గెడ్డం గీసుకున్నాడు. అంత శుభ్రంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"నన్ను గుర్తుపట్టినావా అప్పా?"

ఆయన టీ తాగడం ముగించాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. మామ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"లేదే" అన్నాడు.

"నేనే గదప్పా. ఆ పొద్దు చేలో."

"ఆ పొద్దు నరికినోళ్ళను నేను గుర్తుపట్టల్యా. కోర్ట్లో రాసుకున్న్యారు గదా. నువ్వు కాదు."

మామ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కుడిచెయ్యి చాచి బల్ల మీద పెట్టాడు. "అట్లయితే ఇది తీసుకో" అన్నాడు. టీ కాచేవాడు గరిటె పట్టుకొని అలాగే ఉండిపోయాడు. పెద్దాయన తన ఎడమ చేత్తో మామ చేతిని పక్కకు జరిపి, "గ్లాసులు పగుల్తాయప్పా, చెయ్యి తీసెయ్" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

ఆ తర్వాత జరిగింది రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. మామ లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నువ్వే అను. అనురా. నేనే నరికినానని అను" అంటూ ఊపేశాడు. అనకపోతే చెంప మీద కొట్టాడు. తను చెయ్యి నరికిన మనిషిని నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ కొట్టాడు. బల్ల తిరగబడింది. ఆయన కింద పడి, మోచేతి మొండి నేలకు ఆనించి లేవబోయి, లేవలేక, ఎడమ చేత్తో పెదవి మీద రక్తం తుడుచుకున్నాడు.

"నువ్వు కాదు" అన్నాడు.

అప్పుడు నేను మామను కొట్టాను. జీవితంలో పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తడం అదే మొదలు. రెండు కొట్టాను, మూడు కొట్టాను. నాకు చాలా కోపంగా ఉంది, అంతే ఏడుపుగా కూడా ఉంది. మామ చేతులు దించుకొని నిలబడ్డాడు. నేను ఆపాక సైకిలు తీసుకొని, ఎక్కకుండా, నడిపించుకుంటూ ప్రొద్దుటూరు దారి పట్టాడు.

తర్వాత ఆయన నాలుగు నెలలే ఉన్నాడు. నేను సాయంత్రాలు ఆగేవాణ్ణి. వేళ్ళు పెట్టి చూడటం మానేశాడు. టీ అంగడి గురించి అడగడం మానేశాడు. తిట్టడం కూడా తగ్గింది, దానికే నాకు భయమేసింది. ఒక మధ్యాహ్నం ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ పక్కకు ఒరిగిపోయాడట. ఆసుపత్రికి పోయేలోపే అయిపోయింది.

పెన్న ఒడ్డున గుంత తవ్వారు. ఆయన దగ్గర సైకిళ్ళు కొన్నవాళ్ళు చాలామందే వచ్చారు. పాడె దించాక ఒకాయన జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. టీ అంగడి పెద్దాయన. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. మొహం మీద గుడ్డ తియ్యమన్నాడు. తీశారు. వంగి చూశాడు.

మామ భార్య ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. "ఎవరునాయనా నువ్వు? ఆయనకేమవుతావు?" అని అడిగింది.

"నా చెయ్యి నరికింది ఈయప్పేమ్మా" అన్నాడు.

అందరికీ వినపడేలా అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు ఆపేశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఎడమ చేత్తో మూడుసార్లు మట్టి వేసి, ఎవరినీ చూడకుండా రోడ్డు వైపు నడిచాడు.

నేను వెనక పరిగెత్తాను. భుజం పట్టి తిప్పాను. మర్యాదగా పట్టుకోలేదు.

"ఈ మాట ఆ పొద్దు చెప్పింటే ఏం పోతాండె నీకు?" అన్నాను. "ఒక్క మాట. దానికోసరం సచ్చినాడు ఆయన."

"చెప్పింటే నిమ్మళంగా సచ్చిపోతాండె గదా సార్" అన్నాడు.

ఆయన మొహంలో కోపం లేదు. రాజుపాలెం బస్సు వచ్చి ఆగింది. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"మరిప్పుడెందుకు చెప్పినావు?" అన్నాను.

"ఎన్ని ఏండ్లని కడుపులో పెట్టుకుంటా సార్? యాడన్నా చెప్పుకోవల్ల గదా" అన్నాడు. "ఇప్పుడైతే ఆయనకు ఇనపడదు."